బ్రేక్ ఫీల్ బాగుండాలంటే డబ్బు దేని మీద పెట్టాలి: ప్యాడ్లా, ఆయిలా, టైర్లా?

"బ్రేక్ సరిగ్గా పట్టట్లేదన్నా" అని మెకానిక్‌తో అంటాం. ఆ ఒక్క మాట వెనక నాలుగు రకాల బాధలు ఉండొచ్చు. పెడల్ సగం లోపలికి పోతే గానీ పట్టట్లేదని ఒకరు, తాకీ తాకగానే కుదుపుతో ఆగి వెనక సీట్లో వాళ్లు ముందుకు తూలుతున్నారని ఇంకొకరు, ఘాట్ దిగుతుంటే సగం దారిలో బ్రేకులో బలం తగ్గిపోయిందని మరొకరు, వానలో బండి జారుతోందని వేరొకరు. ఈ నలుగురికీ మందు ఒకటి కాదు. షాపుకు వెళ్తే మాత్రం చాలాసార్లు అందరికీ ఒకటే జవాబు దొరుకుతుంది: "ప్యాడ్లు మార్చేద్దాం సార్."

ప్యాడ్లు, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపుల నుంచి నొక్కి పట్టే పలకలు, మార్చడం తప్పేమీ కాదు. కానీ కొనేముందు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. పాదానికి తెలిసే ఫీల్ వేరు, కారు ఆగడానికి పట్టే దూరం వేరు. షార్ప్‌గా అనిపించే బ్రేకు తక్కువ దూరంలో ఆపుతుందన్న గ్యారంటీ లేదు, మెత్తగా అనిపించేది ఆలస్యంగా ఆపుతుందనీ లేదు. మన దేశంలో 2019 నుంచి అమ్ముతున్న కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉంది. గట్టిగా తొక్కితే ఏబీఎస్ పని మొదలై పెడల్ పాదం కింద దడదడ కొట్టుకుందంటే, ప్యాడ్లు ఇవ్వగలిగిన బలాన్ని టైర్లు రోడ్డు మీద పెట్టలేకపోతున్నాయని అర్థం. అక్కడ ఇంకా ఖరీదైన ప్యాడ్లు వేసినా ఆగే దూరం తగ్గదు.

ముందు ఏం చూడాలి

బ్రేకు మంచిదా కాదా అని తేల్చడానికి నేను ఐదు విషయాలు చూస్తాను.

మొదటిది తొలి పట్టు: పెడల్ తాకగానే ఎంత బలంగా పట్టుకుంటుంది. టెస్ట్ డ్రైవ్‌లో అందరికీ నచ్చేది ఇదే, అందరూ మోసపోయేదీ దీని దగ్గరే. బూస్టర్‌ను (పాదం బలాన్ని పెంచే భాగం) బట్టి, ప్యాడ్‌ను బట్టి దీన్ని ఎలా కావాలంటే అలా మార్చొచ్చు.

రెండోది పెడల్ ఎంత లోతుకు పోతోంది, ఎంత గట్టిగా నిలబడుతోంది. మూడోది అదుపు: పాదం కొంచెం నొక్కితే కొంచెం, ఇంకాస్త నొక్కితే ఇంకాస్త పట్టాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో గంటసేపు ఆగుతూ కదులుతూ వెళ్లేవాళ్లకు తొలి పట్టు కన్నా ఇదే ముఖ్యం. నాలుగోది వేడి తట్టుకోవడం. ఊళ్లో తిరిగే కారుకు దీనితో పెద్దగా పని పడదు, ఘాట్ ఎక్కి దిగే కారుకు మాత్రం ప్రాణం దీని మీదే ఉంటుంది. ఐదోది నిజంగా ఆగే దూరం.

చప్పుడు, చక్రాల మీద నల్లటి పొడి, ఖర్చు వీటి తర్వాతే.

కొనేముందు ఇంట్లోనే చేసుకునే పరీక్షలు

ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కండి, రాయిలా గట్టిపడుతుంది. అలాగే నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందకి దిగితే బూస్టర్ బాగున్నట్టే, దిగకపోతే అక్కడే తేడా ఉంది. ఇప్పుడు ఇంజిన్ నడుస్తుండగా మధ్యస్థంగా నొక్కి అర నిమిషం ఉంచండి. పెడల్ నెమ్మదిగా కిందకి జారిపోతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా పెడల్ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ పోయింది. అలాంటి బండిని నడపొద్దు. ప్యాడ్ల గురించి చర్చ తర్వాత పెట్టుకోవచ్చు.

మిగతా లక్షణాలకు ఈ పట్టిక చాలు.

| పాదానికి ఎలా ఉంది | ముందుగా అనుమానించాల్సింది |
|---|---|
| పెడల్ లోతుకు పోతోంది, రెండోసారి పంప్ చేస్తే పైనే పడుతోంది | వెనక డ్రమ్ముల గ్యాప్, లేదా బ్రేక్ ఆయిల్ లైన్లలో గాలి |
| పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంది | గాలి, పాత బ్రేక్ ఆయిల్, ఉబ్బుతున్న రబ్బరు గొట్టాలు |
| పెడల్ గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగట్లేదు | బూస్టర్; ఘాట్‌లో అయితే వేడెక్కిన ప్యాడ్లు |
| స్పీడులో తొక్కితే పెడల్, స్టీరింగ్ వణుకుతున్నాయి | డిస్క్ మందం అంతటా ఒకేలా లేకపోవడం |
| బండి ఒక పక్కకు లాగుతోంది | కాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదకు నొక్కే భాగం) పిన్ను బిగుసుకోవడం, ఒక ప్యాడ్‌కు నూనె అంటడం, టైర్లలో గాలి తేడా |
| చిన్న బ్రేకుకే ఏబీఎస్ కొట్టుకుంటోంది | టైర్లు |

ఈ పట్టికలో ప్యాడ్ నాణ్యత అసలు దోషిగా కనిపించేది ఒక్క చోటే, అది కూడా ఘాట్‌లో.

మొదటి దారి: ఉన్నదాన్ని బాగు చేయించడం

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేకు బలంలో పెద్ద వాటా ముందు చక్రాలదే కాబట్టి వెనక వైపు ఎవరూ పట్టించుకోరు. కానీ పెడల్ ఎంత లోతుకు పోతుందనేది చాలావరకు వెనక డ్రమ్ములే తేలుస్తాయి. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి పట్టే షూలు అరిగేకొద్దీ డ్రమ్ముకూ వాటికీ మధ్య గ్యాప్ పెరుగుతుంది. ఆ గ్యాప్‌ను ఎప్పటికప్పుడు తగ్గించడానికి లోపల ఒక ఆటో అడ్జస్టర్ ఉంటుంది. దాని పళ్ల చక్రం దుమ్ముకు, తుప్పుకు బిగుసుకుపోతే ఇక తిరగదు. అప్పుడు పెడల్‌లో మొదటి సగం ఆ గ్యాప్ దాటడానికే సరిపోతుంది. హ్యాండ్ బ్రేక్ కూడా ఇంతకుముందు కన్నా ఎక్కువ క్లిక్కులు లాగితే గానీ పట్టకపోవడం దీనికి గుర్తు.

డ్రమ్ము ఊడదీసి నేల మీద తట్టితే లోపలి నుంచి గుప్పెడు నల్లటి పొడి రాలుతుంది. దాన్ని గాలి కొట్టి ఎగరగొట్టనివ్వకండి, పీల్చడం మంచిది కాదు. బ్రేక్ క్లీనర్‌తో కడిగించి, అడ్జస్టర్ చేతితో తిరుగుతోందో లేదో మీ కళ్లెదుటే చూపించమనండి. ఖర్చు వందల్లోనే. పెడల్ మళ్లీ పైకి వచ్చి నిలబడుతుంది. కొత్త ప్యాడ్ల సెట్టు కన్నా ఈ పని చేయించుకున్నాకే "బ్రేకులు మారిపోయాయి" అనడం నేను ఎక్కువగా విన్నాను.

ముందు వైపు దీనికి సమానమైన పని కాలిపర్ పిన్నులు తీసి, శుభ్రం చేసి, వాటికి పనికొచ్చే గ్రీజు పెట్టించడం. పిన్ను కదలకపోతే రెండు ప్యాడ్లలో ఒకటే పని చేసి, అదే ముందు అరిగిపోతుంది. అమెరికా చలి రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లకు ఈ బెడద ఎక్కువ. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు పిన్నులను తుప్పు పట్టిస్తుంది.

రెండో దారి: బ్రేక్ ఆయిల్

పేరుకు ఆయిల్ అంటాం గానీ ఇది నూనె కాదు. గ్లైకాల్ జాతికి చెందిన ద్రవం, గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటుంది. నీరు చేరేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. వేడికి అది మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం ఒత్తిడికి నలగదు, ఆవిరి నలిగిపోతుంది. అందుకే పెడల్ నేలను తాకుతుంది గానీ బండి ఆగదు.

| రకం | కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం | తేమ చేరాక కనీసం |
|---|---|---|
| డాట్ 3 | 205 డిగ్రీలు | 140 డిగ్రీలు |
| డాట్ 4 | 230 డిగ్రీలు | 155 డిగ్రీలు |
| డాట్ 5.1 | 260 డిగ్రీలు | 180 డిగ్రీలు |

పట్టికను కాస్త అడ్డంగా చదవండి. తేమ పట్టిన డాట్ 5.1 కన్నా కొత్త డాట్ 3 మేలు. అంటే ఖరీదైన రకం ఏళ్ల తరబడి ఉంచడం కన్నా మామూలు డాట్ 4ను రెండేళ్లకోసారి మార్చడం తెలివైన పని. ఏ రకం పోయాలో కారులోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 5 అని విడిగా ఒకటుంది, అది సిలికాన్. 5.1కీ దానికీ సంబంధం లేదు. మిగతావాటితో కలపకూడదు, మామూలు కార్లలో పోయకూడదు.

ఫీల్ విషయానికొస్తే, ఆరోగ్యంగా ఉన్న కారులో డాట్ 4 తీసి 5.1 పోస్తే పెడల్ ఏమీ గట్టిపడదు. గట్టిపడినట్టు అనిపించిందంటే, మార్చేటప్పుడు లైన్లలో గాలి తీశారు కాబట్టే. ఇంకో మాట: ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో లెవెల్ కొద్దిగా తగ్గడం సహజం. తగ్గింది కదా అని ప్రతి సర్వీసులో పైన నింపుకుంటూ పోతే ప్యాడ్లు అరిగాయన్న సంకేతం మీకు అందకుండా పోతుంది.

మూడో దారి: ప్యాడ్లు

ఫీల్ మార్చడానికి అసలైన చోటు ఇదే. అందుకే ఇక్కడ ఎంపిక కూడా కష్టం.

| | ఆర్గానిక్ | సెమీ మెటాలిక్ | సిరామిక్ |
|---|---|---|---|
| తొలి పట్టు | మెత్తగా | బలంగా | మధ్యస్థం, ఒకే తీరుగా |
| ట్రాఫిక్‌లో అదుపు | బాగుంటుంది | కొంచెం అలవాటు కావాలి | చాలా బాగుంటుంది |
| వేడి | త్వరగా లొంగుతుంది | బాగా తట్టుకుంటుంది | రోజువారీ వాడకానికి సరిపోతుంది |
| చప్పుడు | తక్కువ | ఎక్కువ | చాలా తక్కువ |
| పొడి | మధ్యస్థం | ఎక్కువ, నల్లగా | తక్కువ, లేత రంగు |
| డిస్క్ అరుగుదల | తక్కువ | ఎక్కువ | తక్కువ |
| ధర | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |

ఇది పైపై లెక్క. ఒకే రకంలోనూ కంపెనీ కంపెనీకి మిశ్రమం మారిపోతుంది. ఆర్గానిక్‌కూ సెమీ మెటాలిక్‌కూ నడుమ "లో మెటాలిక్" అని ఇంకో జాతి ఉంది. యూరప్ కంపెనీల కార్లకు తరచుగా వచ్చేది అదే. తాకగానే పట్టడం, వారం తిరక్కుండానే అలాయ్ చక్రాలు నల్లబడటం దాని లక్షణాలు. జపాన్, కొరియా పద్ధతి కార్లు ఎక్కువగా మెత్తటి ప్యాడ్ల వైపు మొగ్గుతాయి. ఒక కారు నుంచి ఇంకో కారుకు మారినవాళ్లు "దీనికి బ్రేకులే లేవు" అని కంగారు పడేది ఈ తేడా వల్లే. వారం రోజుల్లో పాదం సర్దుకుంటుంది. ఆ వారం ఆగకుండా ప్యాడ్లు కొనకండి.

సూపర్ కార్లలో ఉండే కార్బన్ సిరామిక్ అనేది డిస్కుకు సంబంధించిన మాట. షాపువాడు "సిరామిక్ సార్, అదే టెక్నాలజీ" అంటే నవ్వి ఊరుకోండి.

చాలా ప్యాడ్ల అంచు మీద ముద్రలో రెండు అక్షరాలు ఉంటాయి, ఎఫ్ఎఫ్ (FF), జీజీ (GG), ఈఎఫ్ (EF) ఇలా. మొదటి అక్షరం మామూలు వేడిలో రాపిడి ఎంతో, రెండోది బాగా వేడెక్కాక ఎంతో చెబుతుంది. ఈ (E) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదాని కన్నా తక్కువగా ఉంటే, వేడెక్కేకొద్దీ పట్టు తగ్గుతుందన్నమాట. ఘాట్ వెళ్లేవాళ్లు పెట్టె మీద బొమ్మ కన్నా ఈ అక్షరాలు చూడాలి. అవి నాణ్యతకు పూర్తి కొలమానం కావు, కానీ అమ్మేవాడి మాట కన్నా నమ్మదగినవి.

ట్రాక్ ప్యాడ్ల జోలికి రోజువారీ కారుతో వెళ్లొద్దు. వేడెక్కితే గానీ అవి సరిగ్గా పట్టవు. పొద్దున్నే చల్లటి బ్రేకుతో అపార్ట్‌మెంట్ ర్యాంపు దిగేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది.

ఏ ప్యాడ్ వేయించినా డిస్కుతో కలిసేదాకా టైమివ్వాలి. ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల నుంచి 10 దాకా మధ్యస్థ బ్రేకుతో ఎనిమిది పదిసార్లు తగ్గించండి, పూర్తిగా ఆపకండి. తర్వాత బ్రేకు వాడకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి. వేడిగా ఉన్న ప్యాడ్‌ను డిస్కు మీద నొక్కి నిలబెడితే ఆ చోట పదార్థం అంటుకుపోతుంది, ఆ తర్వాత వణుకు మొదలవుతుంది. "డిస్క్ బెండ్ అయింది" అని లేత్ పట్టించే (డిస్కును చెక్కించి చదును చేయించే) కేసుల్లో కొన్ని నిజానికి ఇవే. లేత్ పట్టించినా, డిస్కు మీద ముద్రించిన కనీస మందం కన్నా తగ్గకూడదు.

నాలుగో దారి: టైర్లు

దీన్ని బ్రేకు ఖర్చుగా ఎవరూ లెక్కవేయరు. లెక్క వేసి చూద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, పొడి తారు రోడ్డు మీద, టైరు పట్టు (రోడ్డుతో రాపిడి గుణకం) 0.8 ఉంటే, బ్రేకు పూర్తిగా పడ్డాక కారు సుమారు 49 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు, అరిగిన టైర్లు కలిసి ఆ పట్టును 0.5కి దించితే అదే కారుకు 79 మీటర్లు కావాలి. అదే ప్యాడ్, అదే డిస్క్, అదే పాదం. ముప్పై మీటర్ల తేడా టైరుది. పైగా చూసి తొక్కడానికి ఒక్క సెకను పట్టినా 28 మీటర్లు ముందే గడిచిపోతాయి.

మన చట్టం ప్రకారం టైరు గాడి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. వానాకాలానికి అది చాలదు, 3 దగ్గరికి వచ్చినప్పుడే మార్చే ఆలోచన చేయాలి. గాడి బాగానే ఉండి రబ్బరు గట్టిపడిన పాత టైరు ఇంకా ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి కొత్తగానే ఉంటుంది. పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది.

పాదానికి తెలిసే ఫీల్‌లో టైరు పెద్ద మార్పు తేదు. కానీ ప్రాణం మీదకు వచ్చినప్పుడు పనికొచ్చేది అదే. రెండింటికీ డబ్బు లేకపోతే నా ఓటు టైర్లకే.

గొట్టాలు, పెద్ద డిస్కులు

స్టీలు అల్లిక గొట్టాలు వేస్తే పెడల్ కాస్త గట్టిపడటం నిజమే. రబ్బరు గొట్టం ఒత్తిడికి కొంచెం ఉబ్బుతుంది, ఇది ఉబ్బదు. అయితే పదేళ్లు దాటిన కారుకు కొత్త కంపెనీ రబ్బరు గొట్టాలు వేసినా ఆ లాభంలో చాలా భాగం దక్కుతుంది. పెద్ద బ్రేక్ కిట్లు మామూలు వాడకందారుకు అనవసరం. ముందు వెనక బ్రేకుల సమతూకం చెడుతుంది, ఏబీఎస్ ఆ లెక్కకు తయారైంది కాదు, ఇన్సూరెన్స్ దగ్గర ప్రశ్నలు వస్తాయి.

మరి ఎవరికి ఏది?

ఊళ్లోనే తిరిగేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కించుకునేవాళ్లు: డ్రమ్ముల సర్వీసు, కంపెనీ ప్యాడ్లు. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే, మీ మోడల్‌కు మంచి కంపెనీది దొరికితే సిరామిక్. తొలి పట్టు బలంగా ఉన్న ప్యాడ్ వేస్తే అమ్మానాన్నలకు మెడ నొప్పే మిగులుతుంది.

నెలకు రెండు మూడు సార్లు హైదరాబాద్ నుంచి విజయవాడకో వైజాగ్‌కో హైవే ఎక్కేవాళ్లు: ముందు టైర్లు, తర్వాత ఆయిల్, ఆ తర్వాతే ప్యాడ్లు.

ఘాట్ వెళ్లేవాళ్లది వేరే కథ. తిరుపతి కన్నా తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తు దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తిని లెక్క కడితే, 100 వేగం నుంచి కారును దాదాపు పద్దెనిమిది సార్లు పూర్తిగా ఆపినంత అవుతుంది. బండి బరువు ఎంతైనా ఈ నిష్పత్తి మారదు. అదంతా బ్రేకులే మోస్తే ఎంత మంచి ప్యాడైనా వేడెక్కుతుంది. రెండో గేరులో, ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్ మోడ్‌లో పెట్టి భారాన్ని ఇంజిన్‌కు వదలండి. బ్రేకు ఆపకుండా రాస్తూ దిగకుండా, గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయండి. పెట్రోలు మిగుల్తుందని ఇంజిన్ ఆపి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా చేస్తే రెండు మూడు తొక్కులతో బూస్టర్ బలం అయిపోతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. అనంతగిరి మీదుగా అరకు, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లకూ ఇదే మాట. ఏడుగురితో, సామానుతో వెళ్లే పెద్ద బండి అయితే వేడికి నిలబడే సెమీ మెటాలిక్ వేయించండి, ప్రయాణానికి ముందు ఆయిల్ వయసు చూసుకోండి.

దారిలో తేడా వస్తే పెడల్‌ను బట్టే తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి తగ్గకపోతే వేడెక్కింది ప్యాడ్లు, ఆగి చల్లార్చుకుంటే తిరిగి వస్తాయి. పెడల్ మెత్తబడి లోపలికి పోతే మరిగింది ఆయిల్. చల్లారాక పెడల్ మామూలుగా అనిపించినా ఆ ఆయిల్ మార్పించకుండా మళ్లీ ఘాట్ ఎక్కొద్దు.

ఎలక్ట్రిక్ కారువాళ్లకు ప్యాడ్ల బెంగ తక్కువ, రీజెన్ (మోటారుతోనే వేగం తగ్గించి ఆ శక్తిని బ్యాటరీకి పంపే పద్ధతి) చాలా పని చేసేస్తుంది. అదే వాళ్ల సమస్య కూడా. డిస్కులు వాడక తుప్పు పట్టి, వాన వెలిసిన మర్నాడు మొదటి బ్రేకుకు గరగరమంటాయి. అప్పుడప్పుడు రీజెన్ తగ్గించి మామూలు బ్రేకు వాడండి. బ్యాటరీ ఫుల్‌గా ఉంటే రీజెన్ పట్టు బాగా తగ్గుతుంది కాబట్టి కొండ మీద నూరు శాతం చార్జ్ చేసి దిగడం మొదలుపెట్టొద్దు, ఎనభై దగ్గర ఆపేయండి.

ఏ పని చేయించినా బండి కదిలించే ముందు, గ్యారేజీలోనే, పెడల్ గట్టిపడేదాకా పంప్ చేయండి. ప్యాడ్లు మార్చేటప్పుడు కాలిపర్ పిస్టన్‌ను వెనక్కి నెడతారు. మొదటి తొక్కు నేరుగా నేలదాకా పోతుంది. అది గేటు బయట రోడ్డు మీద జరగకూడదు.